జాగ్రత్త: రెడీమేడ్ కంట్రోల్ కొనేముందు దాని డైలాగ్ ఎక్కడ తెరుచుకుంటుందో చూడండి

నెల్లూరు, ఒంగోలు వైపు రైస్ మిల్లులకీ, బండ్లు తూచే వేబ్రిడ్జిలకీ (కాటాలకీ), రొయ్యల మేత షాపులకీ, కంప్యూటర్ స్క్రీన్లు కట్టే పనిముట్టైన విండోస్ ఫారమ్స్‌లో సాఫ్ట్‌వేర్ రాసిచ్చే మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. పార్టీ పేరు వెతికి ఎంచుకోవడానికంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక కస్టమ్ కంట్రోల్ (మన స్క్రీన్‌లో అమర్చుకునే రెడీమేడ్ భాగం) కొన్నాను. సోర్స్ కోడ్ ఇవ్వరు, లోపలి కోడ్ కనబడని డీఎల్ఎల్ ఫైల్ ఒక్కటే ఇస్తారు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ చెప్పను. ఇదే లోపం ఇంకొకరి సరుకులోనూ ఉండొచ్చు కాబట్టి లోపం ఎలాంటిదో తెలిస్తే మీకు ఎక్కువ ఉపయోగం.

బటన్ నొక్కగానే వెతికే డైలాగ్ (పేర్లు చూపే చిన్న పెట్టె) కంట్రోల్ లోపలే తెరుచుకుంటుందని, వేరే విండో రాదని వాళ్ల ప్రకటన. కాటా గదికి కావలసింది సరిగ్గా అదే. మార్చి, ఏప్రిల్‌లో కోతలప్పుడు కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మిల్లుల దగ్గర ధాన్యం లారీలు, ట్రాక్టర్లు ఎలా బారులు తీరతాయో మీకు తెలిసిందే. బండి కాటా మీద ఉండగానే గుమస్తా రైతు పేరు పట్టుకోవాలి. ఒకే ఊళ్లో అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్నవాళ్లు దొరుకుతారు కాబట్టి తండ్రి పేరు కూడా చూసి ఎంచుకోవాలి. ఆ తర్వాత గ్రాస్ (లోడుతో బరువు), టేర్ (ఖాళీ బండి బరువు), తేమ శాతం, 850 కిలోల పుట్టి లెక్కన రేటు. ఇదంతా ఒకే స్క్రీన్ మీద, ఎక్కడా ఆగకుండా జరగాలి.

డెమో ప్రాజెక్టులో కంట్రోల్ చక్కగా పనిచేసింది. మిల్లులో పెట్టాక మాత్రం బటన్ నొక్కితే ఏమీ రాలేదు. స్క్రీన్ తెల్లబడి పైన నాట్ రెస్పాండింగ్ అని పడింది. "అన్నా, సిస్టం హ్యాంగ్ అయింది, బండి కాటా మీదే ఉందన్నా" అని గుమస్తా ఫోను. రీస్టార్ట్ చేస్తే అప్పటిదాకా కొట్టిన వివరాలు పోయాయి. దించిన బండిని మళ్లీ లోడుతో తూయలేం కదా, గ్రాస్ పోయిందంటే రైతుకీ మిల్లుకీ మధ్య మాటా మాటా పెరుగుతుంది. కోతల రోజుల్లో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

అసలు సంగతి తప్పులు వెతికే డీబగ్గర్‌లో థ్రెడ్స్ విండో తెరిస్తే బయటపడింది. థ్రెడ్ అంటే ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని వరస, స్క్రీన్‌ను నడిపేది మెయిన్ థ్రెడ్. ఈ కంట్రోల్ డైలాగ్‌ను మెయిన్ థ్రెడ్ మీద చూపించదు. లోపల ఇంకో థ్రెడ్ పుట్టించి, దాని మీద షోడైలాగ్ (డైలాగ్‌ను తెరిచి, మూసేదాకా ఆగే మెథడ్) పిలిచి, అది ముగిసేదాకా మెయిన్ థ్రెడ్‌ను జాయిన్‌తో ఆపి ఉంచుతుంది. షోడైలాగ్‌కు ఓనర్ విండో (డైలాగ్ దేని ముందు నిలబడాలో ఆ విండో) ఏదో చెప్పకపోతే, పిలిచిన థ్రెడ్‌లో ఆ క్షణాన యాక్టివ్‌గా ఉన్న విండోనే ఓనర్‌గా తీసుకుంటుంది. కొత్త థ్రెడ్‌కు విండోలే లేవు, కాబట్టి డైలాగ్‌కు ఓనర్ లేకుండా పోయింది. కాటా స్క్రీన్ ఫుల్ స్క్రీన్‌లో, టాప్‌మోస్ట్ ట్రూతో, అంటే మిగతా విండోలన్నిటికీ పైన ఉండేలా నడుస్తుంది. ఓనర్ లేని డైలాగ్ దాని వెనకాల తెరుచుకుని అక్కడే కూర్చుంది. గుమస్తాకు డైలాగ్ కనబడదు, మెయిన్ స్క్రీన్ ఏమో డైలాగ్ మూసేదాకా కదలదు.

ఇంతకన్నా ప్రమాదమైనది ఇంకొకటి ఉంది, దాని కోసమే ముఖ్యంగా ఈ హెచ్చరిక. కాటా ఇండికేటర్ (బరువు చూపే పెట్టె) నుంచి బరువు సీరియల్ పోర్టు ద్వారా వస్తుంది. ఆ డేటా వేరే థ్రెడ్ మీద వస్తుంది కాబట్టి, స్క్రీన్ మీద అంకె మారాలంటే ఇన్వోక్‌తో మెయిన్ థ్రెడ్‌కు అందించాలి. మెయిన్ థ్రెడ్ ఆగిపోతే స్క్రీన్ మీద పాత బరువే నిలిచిపోతుంది. కాటా మీద బండి మారినా అంకె మారదు. మెయిన్ థ్రెడ్ మీదే మామూలుగా షోడైలాగ్ పిలిస్తే ఈ సమస్య రాదు, ఎందుకంటే డైలాగ్ తెరిచి ఉన్నా మెసేజ్ లూప్ (స్క్రీన్‌కు వచ్చే పనులను వరసగా చూసే చక్రం) నడుస్తూనే ఉంటుంది, బరువూ మారుతూనే ఉంటుంది. తూకంలో తప్పు వస్తే అది రైతు కష్టం. ఇలా కట్టిన కంట్రోల్‌ను తూకం స్క్రీన్ మీద పెట్టకండి.

కంప్లైంట్ చేస్తే డైలాగ్‌కు కూడా టాప్‌మోస్ట్ పెట్టిన కొత్త డీఎల్ఎల్ పంపారు. ఇప్పుడు డైలాగ్ కనబడుతుంది, కానీ బరువు మాత్రం ఆగే ఉంటుంది. జబ్బు థ్రెడ్‌లో ఉంటే మందు పైపూతకు వేశారు. మరి లోపలే తెరుచుకునే మోడ్ ఏదని అడిగితే ఒక ప్రాపర్టీ చెప్పారు. అది ఆన్ చేస్తే, టాప్‌లెవెల్ (విడి విండో) కాని ఫారమ్‌ను మోడల్ (మూసేదాకా మెయిన్ స్క్రీన్‌ను వాడనివ్వని) డైలాగ్‌గా చూపించడం కుదరదని ఎక్సెప్షన్ (ఎర్రర్) వచ్చింది. వచ్చి తీరుతుంది కూడా. ఒక ఫారమ్‌ను ప్యానెల్‌లో పెట్టాలంటే దాని టాప్‌లెవెల్ ఫాల్స్ చేయాలి. అలా చేశాక దాన్ని షోతో చూపించాలి తప్ప షోడైలాగ్ పిలవకూడదు. ఆ రెండూ కలిపి ఎప్పుడూ పనిచేయవు. అంటే ప్రకటనలో చెప్పిన మోడ్‌ను వాళ్లు ఒక్కసారి కూడా నడిపి చూడలేదన్నమాట. డబ్బు తీసుకుని అమ్మే సరుకుకు ఇది అన్యాయం.

మిల్లుల్లో ఇంకా 1366×768 మానిటర్లు చాలా ఉన్నాయి. ఆ సైజులో ఈ డైలాగ్ కింది బటన్లు టాస్క్‌బార్ వెనక్కి పోతాయి, స్కేలింగ్ 125 శాతం ఉంటే ఓకే బటన్ అసలే కనబడదు. చీమకుర్తిలో గ్రానైట్ యార్డు కాటాకు ఇదే కంట్రోల్ వాడిన మిత్రుడికి లైసెన్సు ఎగ్జిక్యూటబుల్ (నడిపే ప్రోగ్రామ్ ఫైల్)లోకి సరిగా చేరక, కస్టమర్ సిస్టంలో ట్రయల్ అయిపోయిందనే పాప్‌అప్ పడింది. డబ్బు కట్టి కొన్నవాడికి కస్టమర్ ముందు తలవంపులు.

అందుకని ఎవరి కంట్రోల్ కొంటున్నా ట్రయల్ కాపీని మీ సిస్టంలో చూసి సరిపెట్టుకోకండి, కాటా గదిలో ఉన్న సిస్టంలోనే నడపండి. మెయిన్ ఫారమ్‌కు టాప్‌మోస్ట్ ట్రూ పెట్టి బటన్ నొక్కండి. డైలాగ్ ముందుకు రావాలి. అది తెరిచి ఉండగా బరువు మారుతూ ఉండాలి, ఇండికేటర్ లేకపోతే ఫారమ్ మీద టైమర్‌తో సెకన్లు తిప్పి చూడండి. డైలాగ్ చూపించే మెథడ్‌కు ఓనర్ విండో ఇచ్చే వీలుందో లేదో అడగండి. లేదంటే ఆ కంట్రోల్ వదిలేయండి, మిగతా హంగులు ఎన్ని ఉన్నా సరే.

ఇప్పుడు మిల్లులో నడుస్తున్నది నేను రాసుకున్న యూజర్ కంట్రోల్. డైలాగ్ ఫారమ్ పూర్తిగా తీసేసి, వెతికే గ్రిడ్‌ను ఒక ప్యానెల్‌లో పెట్టాను. బటన్ నొక్కితే విజిబుల్ ట్రూ, బ్రింగ్‌టుఫ్రంట్, అంతే. పేరు ఎంచుకోగానే ఒక ఈవెంట్ లేపి ప్యానెల్ దాక్కుంటుంది. కంట్రోల్ చిన్నదైతే ప్యానెల్ దాని అంచుల దగ్గర తెగిపోతుంది కాబట్టి, ఫైండ్‌ఫారమ్‌తో పైనున్న ఫారమ్‌ను పట్టుకుని ప్యానెల్‌ను దానికే చేర్చాలి. ఫైండ్‌ఫారమ్‌ను కన్‌స్ట్రక్టర్‌లో (కంట్రోల్ పుట్టేటప్పుడు నడిచే కోడ్‌లో) పిలవకండి, అప్పటికి కంట్రోల్ ఇంకా ఏ ఫారమ్‌లోకీ చేరదు కనుక నల్ (ఖాళీ) వస్తుంది. క్లిక్ ఈవెంట్‌లో పిలవండి. డైలాగే కావాలనుకుంటే అదే ఫైండ్‌ఫారమ్‌ను షోడైలాగ్‌కు ఓనర్‌గా ఇస్తే చాలు.

డబ్బు వెనక్కి అడిగాను, సాఫ్ట్‌వేర్‌కు రీఫండ్ లేదన్నారు. ఇప్పటికే కొనేసినవాళ్లు బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, మీ మెయిళ్లు దాచుకోండి. వ్యాపారం కోసం కొన్నవాటికి వినియోగదారుల చట్టం వర్తించదని వాళ్లు అనొచ్చు. సొంతంగా పని చేసుకుంటూ పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్నవాళ్లను 2019 చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, మన బోటి ఒంటరి ప్రోగ్రామర్లు ఆ మాట గట్టిగా చెప్పొచ్చు. ముందుగా 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. నేనూ అక్కడే ఫిర్యాదు పెడుతున్నాను. ఆ ప్యానెల్ కంట్రోల్ కోడ్ కావలసినవాళ్లు అడగండి, ఊరికే ఇస్తాను.