రెండుసార్లు కొన్న చమురు పుస్తకం

నేను పుస్తకాలు చదివే రకం కాదు. ఆర్టీసీలో 32 ఏళ్లు ఆయిల్ సెక్షన్‌లో పనిచేశాను, అందులో ఇరవై ఏళ్లు తిరుపతిలోనే. మా దగ్గర ఆయిల్ అంటే డీజిలే. తెల్లారి ఐదింటికి భూమిలోని ట్యాంకు మూత తీసి డిప్ రాడ్ దించడం, ఎంతవరకు తడిసిందో చూసి రిజిస్టర్లో రాయడం, రాత్రి బండ్లకు పట్టిన లీటర్లతో ఆ లెక్క కుదరకపోతే తల పట్టుకుని కూర్చోవడం, ఇదీ నా ఉద్యోగం.

రిటైరయ్యాక ఓరోజు బైరాగిపట్టెడలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని పేపర్ చూస్తున్నాను. పక్క వీధిలో ఉండే ఎకనామిక్స్ లెక్చరర్, ఆయనా రిటైరే, ఆగి అడిగాడు. "ఏం స్వామీ, జన్మంతా ఆయిల్ కొలిచినావు కదా, అది యాడి నుంచి వస్తాదో ఎప్పుడన్నా చదివినావా?"

"లారీలో వస్తాది" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వి, నా పేపర్ అంచు మీదే ఒక పేరు రాసిచ్చాడు. డేనియల్ యెర్గిన్, ‘ది ప్రైజ్’.

ముందు కొనడం గురించి చెబుతాను, ఎందుకంటే అక్కడే దెబ్బ తిన్నాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 399 రూపాయలకే కనిపించింది. వచ్చిన పెట్టె విప్పితే బొమ్మల పేజీలు మసి పూసినట్టున్నాయి, మ్యాపుల్లో దేశాల పేర్లు చదవడానికి లేదు, రెండో రోజుకే అట్ట ఊడి చేతికొచ్చింది. డూప్లికేట్ ప్రింటు. ట్యాంకర్ లారీ వచ్చినప్పుడు జాడీలో కాస్త ఆయిల్ పట్టి, హైడ్రోమీటర్ వేసి, ఉష్ణోగ్రత చూసి, చార్టు ప్రకారం 15 డిగ్రీలకు మార్చి, చలాన్‌లో ఉన్న డెన్సిటీకీ దీనికీ మూడు పాయింట్లు మించి తేడా ఉంటే లారీని దించనివ్వని మనిషిని నేను. అలాంటివాణ్ణి అట్ట బొమ్మ చూసి మోసపోయాను. వాపసు తీసుకోమంటే గడువు దాటిందన్నారు. తర్వాత బెంగళూరులో ఉండే మా అబ్బాయి అసలుది తెచ్చిచ్చాడు. కాబట్టి నేను మార్కులు వేసేది రెండో కాపీకి. కొనేవాళ్లు మ్యాపు పేజీ ఒకటి ఫొటో అడిగి, చూసుకుని మరీ కొనండి.

పుస్తకం 900 పేజీలు దాటి ఉంది. మంచం మీద పడుకుని చదివితే గుండె మీద ఇటుక పెట్టుకున్నట్టు ఉంటుంది. నాది బీకాం ఇంగ్లిషు, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివితే నాలుగు నెలలు పట్టింది. అయినా మధ్యలో ఆపబుద్ధి కాలేదు. ఈయన చరిత్రను కథలాగా చెబుతాడు. 1859లో అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రం టైటస్‌విల్ దగ్గర డ్రేక్ అనే ఆయన నూనె కోసం బోరు వేయిస్తున్నాడు. ఊరంతా పిచ్చోడని నవ్వుతోంది. డబ్బు పెట్టినవాళ్లు విసిగిపోయి "బాకీలు తీర్చి మూటముల్లె సర్దుకో" అని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చేరేలోపే, ఆగస్టు 27న, 69 అడుగుల దగ్గర నూనె పడింది. అన్నట్టు ఆయన్ని అందరూ కర్నల్ డ్రేక్ అనేవారు గానీ ఆయన ఏ సైన్యంలోనూ కర్నల్ కాదు. ఊళ్లో పరపతి ఉండాలని కంపెనీవాళ్లు ఉత్తరాల కవర్ల మీద కర్నల్ అని రాసి పంపేవారట. మన దగ్గరా ఏ పదవీ లేకుండానే ఊరంతా ప్రెసిడెంటని పిలిచేవాళ్లు ఎందరు లేరు!

నాకు బాగా నచ్చిన భాగం డబ్బాల కథ. అప్పట్లో చమురంటే పెట్రోలు కాదు, దీపానికి వేసే కిరసనాయిలు. అమెరికా చమురు షావుకారు రాక్‌ఫెల్లర్‌ది స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ, అది ఆసియాకు నీలం రంగు డబ్బాల్లో పంపేది. లండన్‌లో మార్కస్ శామ్యూల్ అనే వ్యాపారి, వాళ్ల నాన్న గవ్వలు అతికించిన పెట్టెలు అమ్మేవాడు, 1892లో మ్యూరెక్స్ అనే ఓడ నిండా నూనె నింపి సూయజ్ కాలువ గుండా పంపాడు. డబ్బాల ఖర్చు మిగులుతుంది, జనం తమ గిన్నెలు తెచ్చుకుని పోయించుకుంటారులే అనుకున్నాడు. ఎవరూ రాలేదు! వాళ్లకు నూనెతో పాటు డబ్బా కూడా కావాలి. ఖాళీ డబ్బాతో ఇంటికి కప్పు వేసుకుంటారు, వంటపాత్రలు చేసుకుంటారు. చివరికి ఆయన రేకు తెప్పించి, ఎర్రరంగు డబ్బాలు చేయించి నింపాల్సి వచ్చింది. ఆ ఓడల పేర్లన్నీ గవ్వల, శంఖాల పేర్లే. షెల్ కంపెనీకి ఆ పేరు రావడం వెనక ఆ పెట్టెలే ఉన్నాయి.

ఇది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పూతలపట్టు దగ్గర మా అవ్వ వాళ్లింట్లో కిరసనాయిలు డబ్బాకు పైన అడ్డంగా కర్ర కొట్టి, దాంతోనే బావి నుంచి నీళ్లు మోసేవాళ్లు. ఒక డబ్బాలో బియ్యం, ఇంకోదాంట్లో చింతపండు. బియ్యం డబ్బా ఎన్నిసార్లు కడిగినా మూత తీస్తే సన్నగా ఆ వాసన వచ్చేది. లండన్ షావుకారుకు అర్థంకాని సంగతి మా అవ్వకు ముందే తెలుసన్నమాట.

యుద్ధాల భాగం కూడా గట్టిగా ఉంది. 1914లో చర్చిల్ ఇంగ్లండు నౌకాదళాన్ని బొగ్గు మీద నుంచి చమురుకు మళ్లిస్తూ, పర్షియా (ఇప్పటి ఇరాన్) చమురు కంపెనీలో ప్రభుత్వం చేత 51 శాతం వాటా కొనిపించడం, రెండో ప్రపంచ యుద్ధం చివర జపాన్‌వాళ్లు విమానాల కోసం పైన్ చెట్ల వేర్లు తవ్వి నూనె తీయబోవడం. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసిన తర్వాతి అధ్యాయాలు నాకు కొంచెం బరువయ్యాయి. మూడు డాలర్ల దగ్గరున్న బ్యారెల్ 1974 జనవరికి 11.65కు ఎలా ఎక్కిందో మాత్రం మీటింగు మీటింగుకూ కళ్లకు కట్టించాడు.

ఇంతకీ ఈయన ఎవరని లెక్చరర్‌ను అడిగి, ఆయన అలమరాలో ఉన్న మిగతా పుస్తకాలూ ఒక్కొక్కటిగా తెచ్చుకున్నాను. యెర్గిన్ 1947లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టాడు. యేల్‌లో డిగ్రీ, ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ. చదివింది చరిత్ర, ఇంజనీరింగ్ కాదు. మొదటి పుస్తకం అమెరికా, రష్యాల ప్రచ్ఛన్న యుద్ధం మీద. చమురులోకి తర్వాత వచ్చాడు. 1980ల మొదట్లో ఇంకొకాయనతో కలిసి చమురు, గ్యాసు మీద సలహాలిచ్చే కంపెనీ పెట్టి, ఒకపక్క దాన్ని నడుపుతూనే ఇంకోపక్క ఏడేళ్లు కూర్చుని ‘ది ప్రైజ్’ రాశాడు. 1990 ఆగస్టులో సద్దాం కువైట్ మీద పడ్డాడు, ఆ వెనకే పుస్తకం బజారులోకొచ్చింది. ప్రపంచమంతా చమురు చమురు అంటున్న రోజులు. 1992లో అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి ఇచ్చారు. ముహూర్తం చూసి పెట్టినా అంత బాగా కుదరదు.

కువైట్ అంటే మాకు టీవీ వార్త కాదు. మా పెద్దమ్మ కూతురు రాజంపేట నుంచి అక్కడికి ఇంటిపనికి వెళ్లి ఉండింది. ఆ గొడవల్లో బస్సులో జోర్డాన్ దాకా వచ్చి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగింది, చేతిలో ఒక సంచి. అప్పుడు అలా వెనక్కి తెచ్చింది 1,70,000 మందికి పైగానట. మన కడప, చిత్తూరు వైపు వాళ్లు అందులో ఎంతమందో! ఈ లావు పుస్తకంలో ప్రెసిడెంట్లున్నారు, షేకులున్నారు, కంపెనీ చైర్మన్లు తాగిన టీ కూడా ఉంది. మా అక్కలాంటి వాళ్లు మాత్రం లేరు. ఈయన చమురును చూసింది పెద్దల గదుల్లో నుంచి. నాజిల్ పట్టుకునేవాడు, లారీ తోలేవాడు ఆయన కంట పడరు. ఐదు చుక్కల రేటింగులో ఒకటి అక్కడే తగ్గించాను.

రెండో తగాదా జోస్యాల దగ్గర. 2004 చివర్లో, ఏడాది గడిచేసరికి బ్యారెల్ 38 డాలర్లకు దిగుతుందన్నాడు. ఏడాది తర్వాత చూస్తే 60 దగ్గరుంది, 2008 జూలైలో 147కు పోయింది. చమురు అయిపోవస్తోందని వాదించేవాళ్లు ఆయన్ని ఏడిపించడానికి 38 డాలర్లను ‘ఒక యెర్గిన్’ అనడం మొదలుపెట్టారు. 76 డాలర్లంటే రెండు యెర్గిన్‌లు. అలా చూస్తే కరోనా టైంలో, 2020 ఏప్రిల్ 20న, అమెరికాలో ధర మైనస్ 37.63కు పడింది కదా, ఆ రోజు రేటు మైనస్ ఒక యెర్గిన్! గోవిందరాజస్వామి గుడి దగ్గర కూర్చునే చిలక జోస్యం ఆయన దీనికంటే దారుణంగా ఏమీ చెప్పడు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. చమురు ఇంక అయిపోతుందన్న వాళ్ల జోస్యమూ తప్పింది. రాతిపొరల్ని పగలగొట్టి షేల్ ఆయిల్ తీయడం మొదలయ్యాక 2018కి అమెరికాయే ముడిచమురులో మొదటి స్థానానికి వచ్చింది. 2011లో వచ్చిన ‘ది క్వెస్ట్’లో ఆ సంగతులు వివరంగా ఉన్నాయి. గతాన్ని చెప్పడంలో మాత్రం ఈయనకు సాటి లేరు.

ఇంకోటి. ఆయన కంపెనీని 2004లో పెద్ద కంపెనీ ఒకటి కొంది, తర్వాత అదీ పోయి ఎస్ అండ్ పీ గ్లోబల్‌లో కలిసింది. ఆయన ఇప్పుడు అక్కడ వైస్ చైర్మన్. ఏటా మార్చిలో హూస్టన్‌లో వాళ్లు జరిపే సభకు లోకంలోని చమురు పెద్దలంతా వస్తారు. ఫీజు కట్టేది కూడా వాళ్లే. చరిత్ర రాసేవాడూ, చరిత్రలోని పాత్రలకు సలహాలు అమ్మేవాడూ ఒకరే అయినప్పుడు పాఠకుడు కొంచెం వాటర్ పేస్ట్ పూసి చూసుకోవడం మంచిది. డిప్ రాడ్ కొసకు ఆ పేస్ట్ పూసి దించితే, ట్యాంకు అడుగున నీళ్లుంటే రంగు మారుతుంది. నేను చూసినంతలో ‘ది ప్రైజ్’లో రంగు పెద్దగా మారలేదు. 2020 నాటి ‘ది న్యూ మ్యాప్’లో అక్కడక్కడా మారింది.

ప్రభుత్వ సంస్థలు, మార్కెట్ల మీద 1998లో ఇంకొకాయనతో కలిసి రాసిన పుస్తకమూ చదివాను. అందులో పీవీ, మన్మోహన్‌ల 1991 కథ ఉంది. మా ఆర్టీసీలాంటి వాటి మీద ఆయనకు ప్రేమ తక్కువ. సర్లే.

అన్నిటికంటే నా మనసుకు దగ్గరైంది, అందరూ మరిచిపోయింది, 1979లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి రాబర్ట్ స్టోబా అనే ఆయనతో కలిసి తెచ్చిన ‘ఎనర్జీ ఫ్యూచర్’. లెక్చరర్ దగ్గర పసుపెక్కిన కాపీ ఉంది. పొదుపు మీద అధ్యాయం యెర్గిన్‌దే. పొదుపు అంటే పస్తులుండటం కాదు, బొగ్గు, చమురు ఎలాగో అదీ అలాంటి ఇంధన వనరేనని వాదిస్తాడు. ఇది చదివి ఎగిరి గంతేసినంత పనైంది. మా డిపోలో రోజూ జరిగిన గొడవంతా అదే మరి! కేఎంపీఎల్ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. ఘాట్ బండ్లలో ఒక సీనియర్ డ్రైవర్ ఉండేవాడు. మలుపు రాకముందే యాక్సిలరేటర్ మీద కాలు తీసేవాడు, బండి తన ఊపుతోనే మలుపు తిరిగేది. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచడం ఆయన ఒంటికి పడదు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఇంజన్ పట్టు మీద దించేవాడు గానీ న్యూట్రల్ చేసిన పాపాన పోలేదు. అదే బండికి ఆయన డ్యూటీలో 4.2 వచ్చేది, మర్నాడు ఇంకో కుర్రాడి డ్యూటీలో 3.8. నాలుగు ట్రిప్పులు, 160 కిలోమీటర్లు అనుకోండి, రోజుకు ఒక్క బండి మీద నాలుగు లీటర్లు. "నేను చేసేదేముంది స్వామీ, కొండ తోస్తాది, నేను పట్టుకుంటాను" అనేవాడు. హార్వర్డ్ పుస్తకానికి ఆయన చేత ముందుమాట రాయించాల్సింది.

ఎవరు కొనాలి? పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇంతలావు చదవక్కర్లేదు, 1973 అధ్యాయాలు చాలు. పెట్రోలు బంకు, ట్రాన్స్‌పోర్టు, గ్యాసు ఏజెన్సీ లాంటి పనుల్లో ఉన్నవాళ్లకు ఇది ఇంటిపేరు తెలుసుకోవడం లాంటిది. తెలుగులో నాకెక్కడా దొరకలేదు. మొదటి రెండొందల పేజీలైనా ఎవరైనా తెలుగు చేస్తే నేను పది కాపీలు కొని మా పాత స్టాఫ్‌కు పంచుతాను. ఐదుకు నాలుగు చుక్కలు.

చివరి అధ్యాయం అయిపోయిన వారం కొండకు పోయాను. 2022 నుంచి ఘాట్ మీద కరెంటు బస్సులు తిరుగుతున్నాయి కదా, దాంట్లో డ్రైవర్ వెనక సీటు పట్టాను. మీటర్ మీద బ్యాటరీ శాతం కనబడుతోంది. పాత అలవాటు ఊరుకోనివ్వదు. పుస్తకం సంచిలోనే ఉంది, వెనక ఖాళీ పేజీలో పెన్సిల్‌తో రాసుకున్నాను. ఎక్కేటప్పుడు అలిపిరిలో 82, పైన 58.

దర్శనమయ్యాక దిగేటప్పుడూ అలాంటి బస్సే చూసి ఎక్కాను. పైన 61 ఉంది. మలుపు మలుపుకూ అంకె ఒకటొకటే పైకి పోతుంటే నమ్మలేక వంగి చూశాను. డ్రైవర్ కుర్రాడు అద్దంలో నన్ను చూసి, "ఏం సార్, డిపోలో చేసినారా?" అని అడిగాడు. అలిపిరిలో ఆగేసరికి 66.