ఇంకు బొమ్మల్లో తప్పులు దిద్దడం: ఆరేళ్లు వాడాక నా మాట

నేను గీసేవి ఎక్కువగా పాత పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు. ఇంకులో పాళీ ముంచి గీసే డిప్ పెన్నూ వాటర్‌ప్రూఫ్ నల్ల ఇంకూ, సన్న గీతలకి 0.25 ఎంఎం పిగ్మెంట్ పెన్ను (ఆరితే నీటికి కరగని ఇంకు నింపిన సన్నమొన పెన్ను).

మొదట్లో అందరిలాగే వైట్‌నర్ వాడాను, బొమ్మలకి మాత్రం వద్దండి. గడ్డలా నిలబడిపోద్ది, దాని మీద మళ్లీ గీద్దామంటే పెన్ను జారిపోతుంది, పాళీ అయితే ఆ పొరని పెచ్చులు పెచ్చులుగా లేపేసి తన చీలికలో ఇరికించుకుంటుంది.

ఇప్పుడు నేను బాగా నమ్మేది బ్లేడు. మెడికల్ షాపులో దొరికే 11 నంబరు సర్జికల్ బ్లేడు, 3 నంబరు హ్యాండిల్‌కి సరిపోతుంది. మొన్న సంక్రాంతికి ఒక ఇల్లు గీస్తుంటే సరిగ్గా సున్నం గోడ మధ్యలో పెసరగింజంత చుక్క పడింది, గుండె గుభేల్మంది. రుద్దకుండా టిష్యూ కొసతో అద్ది రాత్రంతా వదిలేశాను, తడి మీద గోకితే ఇంకు ఇంకా లోపలికి పోతుంది మరి. పొద్దున్నే బ్లేడు బాగా వాల్చి ఒకే వైపుకి మెల్లగా గోకుతూ పోతే నలుపు పొడిలా రాలి, బూడిద రంగుకి వచ్చి, చివరికి తెలుపు తేలింది. లేచిన నూగు మీద బటర్ పేపర్ వేసి స్పూను వెనక వైపుతో నునుపు చేశాను. అక్కడ మళ్లీ గీయాలంటే డిప్ పెన్ను వద్దు, కాగితం పై పూత పోయుంటుంది కాబట్టి ఇంకు పాకుతుంది, పిగ్మెంట్ పెన్నుతో తేలిగ్గా గీయండి. ఇదంతా 300 జీఎస్ఎం హాట్ ప్రెస్ కాగితం (మందంగా, నున్నగా ఉండేది) మీద మాట, పల్చటి స్కెచ్ బుక్కులో చేస్తే చిల్లే.

తెల్ల జెల్ పెన్నుల్లో యూనీబాల్ సిగ్నో 1.0 ఎంఎం నాకు నచ్చింది, హద్దు దాటిన గీత కొసలు కత్తిరించడానికి చక్కగా పనికొస్తుంది. ఒక్క పూతకి బూడిదగా కనిపిస్తుంది, ఆరనిచ్చి రెండోది వేయాలి.

కాస్త పెద్ద మచ్చలకి తెల్ల గౌష్ (నీళ్లతో కలిపే, కింది గీతని కప్పేసే రంగు), గట్టి పెరుగంత చిక్కగా కలిపి సున్నా నంబరు బ్రష్షుతో. కాగితం కొంచెం పసుపు ఛాయలో ఉంటే అందులో యెల్లో ఓకర్ (మట్టి పసుపు రంగు) సూదిమొనంత కలపండి, లేకపోతే ఆ చోటు నీలంగా మెరుస్తుంది. మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకు మీద మాత్రం పనిచేయదు, తడి తగలగానే ఆ రంగు కరిగి పైకి వచ్చేస్తుంది. గౌష్ మీద మళ్లీ తడి ఇంకు పెట్టినా అది కూడా కరిగి మురికిగా అవుతుంది, కాబట్టి పైన గీయాల్సి ఉంటే ఆరితే మళ్లీ కరగని తెల్ల యాక్రిలిక్ రంగు వేసుకోండి.

ఇక కిటికీకి కిటికీయే తప్పు పోతే అతుకే. అదే రకం కాగితం ముక్క కింద పెట్టి రెండు పొరలూ కలిపి ఒకే కోతలో కోస్తే కంతా ముక్కా ఒకే కొలతకి వస్తాయి, వెనక నుంచి టేపు వేయడమే. మా హాల్లో వేలాడే అరుగు బొమ్మలో ఎడమ కిటికీ అలా అతికించిందే, వేలితో తడిమితే తెలుస్తుంది గానీ చూస్తే తెలీదు.