పాంటోలో మా అమ్మాయి, తెర వెనక షాపరోన్లు: అయిదుకి నాలుగు

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళ పిల్లలు డాన్స్ క్లాసుల నుంచి క్రిస్మస్ పాంటోలకి (పండగ రోజుల్లో థియేటర్లలో వేసే పాటల, హాస్య నాటకాలు) సెలెక్ట్ అవుతుంటారు. ఆ కబురు గ్రూపులో పడగానే అందరూ అడిగేది టికెట్లు ఎప్పుడు పెడతారని. నన్నడిగితే ముందు కనుక్కోవాల్సింది షాపరోన్లు, అంటే తెర వెనక పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు, ఎవరు, ఎంతమంది అని. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, పోయిన సీజన్లో మా ఊరి థియేటర్‌లో చేసింది. ఊరి పేరు రాయడం లేదు, కింద కొంచెం తిట్టేది కూడా ఉంది కాబట్టి. నాటకం సంగతికొస్తే పాటలు, కేకలు, ఆడవేషం వేసిన మగాయన, జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, అంతే.

ఇక్కడ ఇలాంటి షోలకి మామూలుగా పిల్లవాడి పేరు మీద కౌన్సిల్ లైసెన్స్ ఉండాలి, తల్లిదండ్రులు వెంట లేనప్పుడు కౌన్సిల్ ఆమోదించిన షాపరోన్ పక్కన ఉండి తీరాలి. అమ్మానాన్నలు తమ పిల్లని తామే చూసుకోవచ్చని చట్టంలో ఉంది, పక్కవాళ్ళ పిల్లల్ని చూడాలంటే మాత్రం వాళ్ళకీ ఆ ఆమోదం కావాలి. మా థియేటర్ అసలు పేరెంట్స్‌ని లోపలికే రానివ్వలేదు. స్టేజ్ డోర్ దగ్గర సంతకం పెట్టి, టైమ్ రాసి, పిల్లని అప్పజెప్పి వెళ్ళిపోవడమే. మొదటి రోజు చాలామంది తల్లులు మొహం మాడ్చుకున్నారు. నాకైతే అదే నచ్చింది, ఎందుకంటే నన్ను రానివ్వని చోటికి ఇంకో పిల్ల తండ్రినీ రానివ్వరు కదా.

ఒక రాత్రి షో అయ్యాక మా బావమరిది తీసుకురావడానికి వెళ్ళాడు. లిస్టులో పేరు లేదు. "నేను దాని మేనమామని" అన్నాడట, షాపరోన్ నవ్వుతూనే కుదరదంది, మా ఆవిడకి ఫోన్ చేసి, ముందే మేమిచ్చిన పాస్‌వర్డ్ చెప్పించుకుని అప్పుడు పంపింది. ఆ చలిలో వాడు బయట నిలబడి నన్ను తిట్టుకున్నాడు, పిల్లేమో లోపల వెచ్చగా బిస్కెట్లు తింటోంది. దీనికి ఫుల్ మార్కులు.

లోపల ఏం జరుగుతుందో మా అమ్మాయి నోటే వినాలి. మగపిల్లలకి, ఆడపిల్లలకి వేరు వేరు గదులు, పెద్ద నటులెవరూ ఆ గదుల్లోకి రాకూడదు, ఫోన్లన్నీ ఒక డబ్బాలో. స్టేజి మీదకి వెళ్ళేముందు, దిగాక, ప్రతిసారీ తలలు లెక్కపెడతారు. ఎవరి దువ్వెన, పిన్నులు వాళ్ళ పేరున్న జిప్ కవర్లోనే (పేల భయం, నవ్వకండి). ఒకసారి కామెడీ వేషం వేసే పెద్దాయన చాక్లెట్ల డబ్బా పట్టుకుని తలుపు కొడితే, షాపరోన్ గడప దాటనివ్వకుండా డబ్బా తీసుకుని, థాంక్యూ చెప్పి, తలుపేసి, ఆ తర్వాత డబ్బా వెనక చిన్న అక్షరాలన్నీ చదివిందట, ఒక పిల్లకి నట్స్ పడవని. చివరికి ఎవరికీ పెట్టలేదు. మా అమ్మాయి ఇంకా ఆ చాక్లెట్ల గురించే బాధపడుతోంది.

కానీ నాకు వీళ్ళ మీద గురి కుదిరింది డ్రెస్ రిహార్సల్ రోజు. పిల్లల ప్రదర్శనల మీద ఇంగ్లండ్‌లో ఉన్న 2014 నిబంధనల ప్రకారం తొమ్మిదేళ్ళు నిండిన పిల్లలు థియేటర్‌లో మొత్తం తొమ్మిదిన్నర గంటలకి మించి ఉండకూడదు, ఎంత ఆలస్యమైనా రాత్రి 11 లోపు బయట పడాలి, వచ్చిన టైమ్, వెళ్ళిన టైమ్ రాసి ఉంచాలి. ఆ రోజు లైట్లు సరిగ్గా కుదరక అంతా లేటు. డైరెక్టర్ "ఇంకొక్కసారి చేద్దాం" అంటుంటే షాపరోన్ స్టేజ్ మేనేజర్ దగ్గరికెళ్ళి వాచీ చూపించి, పాట మధ్యలో పిల్లల్ని దింపి తీసుకెళ్ళిపోయింది. పిల్లలు ఏడుపు మొహాలు. డైరెక్టర్ కిక్కురుమనలేదట. జీతమో, బస్సు ఖర్చులో తీసుకుని పనిచేసే మనిషి మాట డైరెక్టర్ మాట కంటే చెల్లుతోందంటే అక్కడ పద్ధతి ఉన్నట్టే.

ఇక ఒక మార్కు ఎందుకు కోశానంటే. చట్టం ఒక షాపరోన్‌కి గరిష్ఠంగా 12 మందిని అప్పజెప్పొచ్చంటుంది. ఒక శనివారం ఒకావిడ రాలేదు, ఉన్నావిడ మీద 11 మంది పడ్డారు. చట్టప్రకారం తప్పు లేదు, కానీ ఒకటిన్నర నిమిషంలో బట్టలు మార్చే సీన్లో రెండు చేతులతో ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? మా అమ్మాయి సగం ఊడిన జడతో ఎక్కింది, ఇంకో పిల్ల బూటు చేత్తో పట్టుకుని. మన దేశంలో 2017లో వచ్చిన బాలకార్మిక నిబంధనల్లో అయిదుగురు పిల్లలకి ఒక బాధ్యుడు ఉండాలి, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, పనైతే రోజుకి అయిదు గంటలే, పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం దాని పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ కట్టాలి. కాగితం మీద మనదే గట్టి లెక్క. మరి మన ఆడిటోరియాల గ్రీన్‌రూమ్ తలుచుకోండి: తల్లులు, మేకప్ మాస్టారు, వీడియో తీసే అబ్బాయి, టీ ఫ్లాస్కుతో కుర్రాడు, మధ్యలో బట్టలు మార్చుకునే పిల్లలు, అందరూ ఒకే గది. మొన్న ఇక్కడి మన సంఘం ఉగాది ప్రోగ్రాంలోనూ సేమ్ సీన్.

రెండో ఫిర్యాదు, టైమింగులు మారితే మెసేజ్ మరీ ఆఖరి నిమిషంలో పెట్టేవాళ్ళు, ఆఫీసులో ఉన్నవాడికి టెన్షన్. తిండి కూడా చూసుకోండి, రెండు షోల రోజున బాక్స్ వేడి చేసి ఇవ్వరు. పులిహోర చల్లగానూ బాగుంటుంది కాబట్టి గడిచిపోయింది. ఆవకాయ మా ఆవిడే వద్దంది, వేసుకునేది తెల్ల గౌను.

ఈ ఏడూ ఆడిషన్‌కి వెళ్తానంటోంది పిల్ల. ఫారం నింపేముందు థియేటర్‌కి రెండు ప్రశ్నలు మెయిల్ చేశాను: బట్టలు మార్చే గదిలో ఎంతమందికి ఒకరు, ఎవరైనా రాకపోతే బదులు ఎవరు. మొదటిదానికి ఎనిమిది మందికి ఒకరని జవాబిచ్చారు. రెండోదానికి ఇంకా రాలేదు, వచ్చాక ఇక్కడే రాస్తా.