రెడీమేడ్ సారె: పైన తళుకు, అడుగున కాగితాలు

మా చెల్లెలికి పెళ్ళయ్యాక వచ్చిన తొలి దీపావళి, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో మురుకులు ఒత్తేవాళ్ళు లేరు, అందుకని తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గరి ఒక కొట్లో 11 తట్టల సారె సెట్టు ఆర్డరిచ్చాను. 6,800 రూపాయలు. కొట్టు పేరు రాయను, ఆయన మర్యాదగానే మాట్లాడాడు, గొడవంతా సరుకుతోనే.

చెప్పిన రోజు పొద్దున ఏడింటికే తట్టలు సిద్ధంగా ఉన్నాయి. గాజుల సైజు నేనే తప్పు చెబితే మారుమాట లేకుండా మార్చాడు. చిత్తూరు దాకా కారులో తీసుకెళ్ళినా ఒక్క తట్టా చెదరలేదు, ఆ మెరుపు కాగితం చుట్టడంలో మాత్రం పనితనం ఉంది. రవికె గుడ్డ కూడా కుట్టించుకోదగ్గదే, ఇంటింటికీ చేతులు మారే రకం కాదు.

మురుకుల తట్ట దగ్గరే పరువు పోయింది. పైకి గోపురంలా ఉంది, చెల్లెలు విప్పితే పైన రెండు వరసలు మురుకులు, కిందంతా కత్తిరించిన రంగు కాగితం. లెక్కపెడితే 24. వాళ్ళ వీధిలో పంచాల్సిన ఇళ్ళు ముప్పైకి పైనే. వాళ్ళత్త ఒక్క మాటా అనకుండా లోపలికెళ్ళి, తాను చేసుకున్న మురుకుల డబ్బా తెచ్చి అందులో కలిపేసింది. తిట్టినా బాగుండేది.

పసుపు మరీ ఘోరం. మాతో వచ్చిన అవ్వ చిటికెడు తీసి అరచేతిలో రుద్దుకుని వాసన చూసి, "ఇది పసుపు కాదు నాయనా, గోడకు కొట్టే రంగు" అంది. తిరిగొచ్చి అడిగితే కొట్టాయన, "పసుపు ఎవరు వాడతారు సార్, ఫోటోలో బాగుంటే చాలదా" అన్నాడు.

అదే నాకు మండింది. సారె పుట్టిందే పసుపు కుంకుమలతో. మన తిరుపతిలో ఉండి ఆ మాటెలా అంటాడు? గంగ జాతరకు కొండ మీది నుంచి వచ్చే సారె చూడండి, గంగమ్మ స్వామికి చెల్లెలని కదా పంపుతారు, అందులో ముందుండేవి పసుపు, కుంకుమ, చీర. కార్తీకంలో పంచమీ తీర్థానికి తిరుచానూరు అమ్మవారికీ సారె ఏనుగు మీద ఊరేగింపుగా బయల్దేరి అలిపిరి మీదుగా వస్తుంది (అక్కడ పంపేది పుట్టిల్లు కాదు, మొగుడు, అది వేరే సంగతి).

ఇదేదో అలంకారం కూడా కాదు. అన్న ఇచ్చింది, అమ్మానాన్నలు ఇచ్చింది ఆడదాని సొంత సొత్తని మనుస్మృతి 9వ అధ్యాయంలోనే స్త్రీధనం కింద లెక్కేశారు. మన వైపు కూతురికి రాసిచ్చే చేనును కూడా "పసుపు కుంకుమ కింద ఇచ్చాం" అనే అంటారు కదా. మా అవ్వకు అట్లా అరెకరా చెనక్కాయ చేను ఇచ్చారు, నోటిమాటగానే, కాగితం మీదికి ఎక్కలేదు, ఆ చేను ఇప్పుడెవరి చేతిలో ఉందో అడక్కండి. 1986లో మన రాష్ట్రం చట్టం మార్చి ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది, దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు, కానీ మన చట్టంలోనూ 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయినవాళ్ళకు వాటా లేదన్నారు. అవ్వకు మిగిలింది ఏటా పండక్కి వచ్చే ఆ పసుపు పొట్లమే. అందుకే వాసన చూసింది.

ఐదుకు రెండున్నర ఇస్తాను, అదీ గాజులకూ తట్టలకూ. తినేవీ పూసుకునేవీ అక్కడ కొనొద్దు. సంక్రాంతికి ఉత్త తట్టలు అద్దెకు అడిగితే 900 అన్నాడు, సరేనన్నాను. పసుపు కొమ్ములు అవ్వ తానే దంచుతానంది, మురుకులకు ఎదురింటి అక్కకు అడ్వాన్సు ఇచ్చేశాను, 60 చెప్పాను.