మూలన పడ్డ సింథ్: బ్రిడ్జ్‌తో లాగాలా, శాంపిల్ చేసి దాచాలా, కొత్తదాంట్లో తిరిగి కట్టాలా?

ఏళ్ల తరబడి అప్‌డేట్ రాని సాఫ్ట్‌వేర్ సింథ్ (కంప్యూటర్‌లో ధ్వనులు పుట్టించే వాయిద్యం) గురించి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఇంకా దీన్నే పట్టుకుని ఉండాలా, మారిపోవాలా?" అడిగేవాళ్లలో ఎవరికీ దాని నాదం మీద ఫిర్యాదు ఉండదు. విసుగంతా మిగతావాటి మీదే. 4కె తెర మీద విండో అగ్గిపెట్టెంత కనిపిస్తుంది, పెద్దది చేసే దారి లేదు. పొరపాటున నాబ్ కదిలితే అన్‌డూ లేదు. వందల ప్రీసెట్లున్నా (సిద్ధంగా దాచిన ధ్వనులు) పేరు కొట్టి వెతికే వీలు లేదు. ఫిల్టర్ ఏ పౌనఃపున్యం దగ్గర కోత మొదలుపెట్టాలో చెప్పే కటాఫ్ నాబ్ 0 నుంచి 127 దాకా అంకెలు చూపిస్తుంది కానీ అది ఎన్ని హెర్ట్జో చెప్పదు. వీటిని సరిచేయమని వాడేవాళ్లు రాసిన కోరికల చిట్టా పెరుగుతూనే ఉంటుంది, సింథ్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఈ లోపాలన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. చిన్న విండో, అన్‌డూ లేకపోవడం చిరాకు పుట్టిస్తాయి, అంతే. అసలు ప్రమాదం మూడిట్లో ఉంది: ప్లగిన్ (సంగీత సాఫ్ట్‌వేర్ లోపల నడిచే సింథ్) 32 బిట్‌గానే మిగిలిపోవడం, పాత ప్లగిన్ ప్రమాణమైన వీఎస్‌టీ2 రూపంలో మాత్రమే ఉండటం, ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ డెవలపర్ సర్వర్‌ను అడిగి యాక్టివేట్ కావడం. సంగీతం రికార్డు చేసే క్యూబేస్ అనే సాఫ్ట్‌వేర్ 2016లో 9వ వెర్షన్‌తో 32 బిట్ ప్లగిన్లను వదిలేసింది. 2018లో అలాంటిదే ఏబల్టన్ లైవ్ 10 కూడా అదే చేసింది. 2019లో మాక్‌ఓఎస్ కాటలీనా ఏకంగా 32 బిట్ ప్రోగ్రాములనే నడపనంది. వీఎస్‌టీ రూపకర్త స్టైన్‌బర్గ్ 2018 అక్టోబరు తర్వాత వీఎస్‌టీ2కి కొత్తగా లైసెన్సులు ఇవ్వడం మానేసింది. 2020 నుంచి ఆపిల్ సొంత చిప్‌ల మాక్‌లు వచ్చాయి, ఇంటెల్ కోసం కట్టిన ప్లగిన్ వాటిలో ఇంటెల్ కోడ్‌ని అనువదించే రొసెట్టా 2 దయ మీద నడవాల్సిందే. మీ సింథ్‌కి ఈ మూడిట్లో ఒక్కటున్నా, కింద చెప్పే పని ఆపరేటింగ్ సిస్టమ్ మార్చక ముందే మొదలుపెట్టండి.

అప్‌డేట్ కోసం ఎదురుచూడటం

దీన్ని మార్గాల్లో లెక్కపెట్టనక్కర్లేదు. డెవలపర్ సోర్స్ కోడ్ విడుదల చేస్తే తప్ప ఆశకు ఆధారం ఉండదు. అలా బతికి బట్టకట్టినవి లేకపోలేదు. వెంబర్ ఆడియో వాళ్ల సర్జ్ అనే సింథ్‌ని 2018లో ఓపెన్ సోర్స్ చేశారు, 2022లో అదే సర్జ్ ఎక్స్‌టీ అయింది. కోడ్ బయటికి రాకపోతే దాన్ని నమ్ముకుని కొత్త పాట మొదలుపెట్టకండి.

బ్రిడ్జ్‌తో లాగడం

బ్రిడ్జ్ అంటే పాత ప్లగిన్‌కీ, దాన్ని నడిపే కొత్త సంగీత సాఫ్ట్‌వేర్‌కీ (హోస్ట్‌కీ) మధ్య వారధి. విండోస్‌లో రీపర్ అనే హోస్ట్‌కి సొంత బ్రిడ్జ్ ఉంది, 32 బిట్ ప్లగిన్‌ని విడి ప్రాసెస్‌లో నడిపిస్తుంది. మిగతా హోస్ట్‌లలో చాలావాటికి జేబ్రిడ్జ్ అనే విడి బ్రిడ్జ్ సరిపోతుంది. లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ మీద యాబ్రిడ్జ్ పెట్టుకుంటే విండోస్ ప్లగిన్లు పలుకుతాయి, 32 బిట్‌వి కూడా. కాటలీనా తర్వాతి మాక్‌లో 32 బిట్‌కి ఈ దారి లేదు.

అంతా కుదిరిన రోజున హాయిగానే ఉంటుంది. కుదరని రోజున ఏది ఎక్కడ తెగిందో తెలియదు: హోస్టా, బ్రిడ్జా, ప్లగినా? అతుకుల బొంతతో ఉండే ఇబ్బందే ఇది. సాధారణంగా ఎదురయ్యేవి ఇవి. విండో తెరిచినా కీబోర్డు అక్షరాలు ప్లగిన్‌కి చేరవు, కాబట్టి ప్రీసెట్ పేరు టైప్ చేయలేరు. తెర స్కేలింగ్ 150 శాతం ఉంటే మౌస్ నొక్కిన చోటు ఒకటి, కదిలే నాబ్ మరొకటి. శాంపిల్ రేటు మారగానే కొన్ని కూలిపోతాయి, అందుకే ప్రాజెక్టు రేటును ముందే ఖాయం చేసుకుని తర్వాత ప్లగిన్ తెరవాలి.

ఆటోమేషన్‌లో (నాబ్ కదలికను హోస్ట్ తానే నడపడం) మెట్లు మెట్లుగా వినిపించే గరగర మరో సంగతి. ఆ పాత తరం సింథ్‌లలో చాలావరకు నాబ్ విలువను బఫర్‌కి (ఒక్క విడతలో లెక్కించే శాంపిల్స్ మూటకి) ఒక్కసారే చదువుతాయి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 1024 అయితే మెట్టుకి 23 మిల్లీసెకన్లు, ఫిల్టర్ స్వీప్‌లో స్పష్టంగా వినబడుతుంది. 128కి దించితే మెట్టు 3 మిల్లీసెకన్ల లోపే. బౌన్స్‌కి (ట్రాక్‌ని ఆడియో ఫైలుగా తీయడానికి) వాడే బఫర్‌ను మార్చుకోనిచ్చే హోస్ట్ అయితే అక్కడా చిన్నదే పెట్టండి. పై స్థాయి స్వరాల్లో లోహపు కీచు వినిపిస్తే అది ఎలియాసింగ్ (శాంపిల్ రేటుకి పట్టని పై పౌనఃపున్యాలు తప్పుడు స్వరాలుగా కిందికి మళ్లడం), ధ్వనిని పుట్టించే ఆసిలేటర్‌కి ఓవర్‌శాంప్లింగ్ (లోపల మరింత ఎక్కువ రేటుతో లెక్కించడం) లేదన్నమాట. ప్రాజెక్టును 96 కిలోహెర్ట్జ్‌లో నడిపితే చాలావరకు తగ్గుతుంది. అయితే కొన్ని పాత సింథ్‌లలో రేటు మారితే ఎన్వలప్ (స్వరం ఎదిగి తగ్గే తీరు) వేగం, ఫిల్టర్ తీరు కూడా మారతాయి. రెండు రేట్లలోనూ ఒకే స్వరం రికార్డు చేసి పోల్చకుండా పాట మొత్తాన్ని మార్చేయకండి.

శాంపిల్ చేసి దాచడం

సింథ్ స్వరాలను రికార్డు చేసి శాంప్లర్‌లో వాయించుకోవడమే ఇది. లెక్క తేలికే. ఐదు స్థాయిలు (ఆక్టేవ్‌లు), అంటే 61 మెట్లు. మూడు మెట్లకొక శాంపిల్ చొప్పున 21, మూడు వెలాసిటీలకు (మీట నొక్కే బలాలకు) 63. ఒక్కొక్కటి 8 సెకన్లు అనుకుంటే 504 సెకన్లు. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోకి సెకనుకు 2,64,600 బైట్లు, కాబట్టి ప్యాచ్‌కి (ఒక్క ధ్వని అమరికకి) సుమారు 133 ఎంబీ. ఆపిల్ వాళ్ల లాజిక్ హోస్ట్‌లో 10.5 నుంచి ఉన్న ఆటో శాంప్లర్ ఇదంతా తానే చేసిపెడుతుంది. మిగతాచోట్ల మిడి (ఏ స్వరం ఎప్పుడు వాయించాలో చెప్పే సమాచారం) స్వరాలను వరసగా పేర్చి, బౌన్స్ చేసి, ముక్కలు కోసి ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైలు రాసుకోవచ్చు. అది మామూలు టెక్స్ట్ ఫైలే, ఏ శాంపిల్ ఏ మెట్టు నుంచి ఏ మెట్టు దాకా పలకాలో అందులో చదివితే తెలిసిపోతుంది.

రికార్డింగ్‌కి ముందు సింథ్ లోపలి రివర్బ్, డిలే ఆపేయండి. లేకపోతే రెండు స్వరాలు కలిపి వాయించినప్పుడు రెండు గదులు వినిపిస్తాయి. ఎల్ఎఫ్ఓ (నెమ్మదిగా ఊగే ఆసిలేటర్) ఫిల్టర్‌ని ఊపుతుంటే దాన్నీ ఆపి శాంప్లర్‌లోని ఎల్ఎఫ్ఓతో ఊపండి. శాంపిల్‌ని ఒక మెట్టు పైకి లాగితే లోపలి ఊపు కూడా వేగం పెరుగుతుంది, తీగ వాద్యాల్లా సాగే ప్యాడ్‌లో మూడు స్వరాలు మూడు వేగాలతో ఊగుతాయి.

స్థిరమైన ప్యాడ్‌లకు, ప్లక్‌లకు, గంటల్లాంటి ధ్వనులకు ఈ పద్ధతి బంగారం. గ్లైడ్‌తో జారే బేస్‌కి, వాయిస్తూ కటాఫ్ తిప్పే లీడ్‌కి పనికిరాదు. అప్పుడు మీ దగ్గరుండేది ఫొటోయే, మనిషి కాదు.

తిరిగి కట్టడం, ఏది దేన్ని తేలుస్తుందో

పోలికలన్నీ నాదం దగ్గరే ఆగిపోతాయి: దీని ఫిల్టర్ వెచ్చన, దానిది పలచన అని. తేల్చాల్సింది అది కాదు. ప్యాచ్ ఏ రూపంలో దాచబడుతోంది, ఆ ప్లగిన్ లేకుండా దాన్ని చదవగలమా అన్నదే అసలు ప్రశ్న. పాత సింథ్ మిమ్మల్ని కట్టిపడేస్తున్నది తన ఫిల్టర్‌తో కాదు, తనకు మాత్రమే అర్థమయ్యే మూటలో మీ పనిని దాచుకోవడంతో.

ముందు ఆ మూట ఎంత గట్టిగా కట్టి ఉందో చూడండి. ఒక ప్రీసెట్‌ని ఎఫ్ఎక్స్‌పీ ఫైలుగా దాచి హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. మొదటి నాలుగు అక్షరాలు సీసీఎన్‌కే (CcnK). సున్నా నుంచి లెక్కపెడితే 8వ బైటు దగ్గర మరో నాలుగు అక్షరాలుంటాయి. ఎఫ్ఎక్స్‌సీకే (FxCk) అని ఉంటే అదృష్టవంతులు: 56వ బైటు నుంచి ప్రతి నాబ్ విలువా 0కీ 1కీ మధ్య సంఖ్యగా, నాలుగేసి బైట్ల బిగ్ ఎండియన్ ఫ్లోట్‌గా (పెద్ద బైటు ముందుండే దశాంశ సంఖ్య), వరసగా పేర్చి ఉంటుంది. చిన్న స్క్రిప్టుతో ప్రీసెట్లన్నిటినీ పట్టికగా తీయొచ్చు. ఎఫ్‌పీసీహెచ్ (FPCh) అని ఉంటే లోపలున్నది డెవలపర్ సొంత లిపి. దాన్ని ఛేదించడం కంటే నాబ్‌లు చూసి రాసుకోవడమే త్వరగా అవుతుంది.

ఇదే పరీక్ష కొత్తవాటికీ పెట్టండి. సర్జ్ ఎక్స్‌టీ కూడా ఎఫ్ఎక్స్‌పీలోనే దాస్తుంది, కానీ లోపల ఎక్స్ఎంఎల్ ఉంటుంది. ప్రతి ప్యాచ్‌లో రివిజన్ సంఖ్య ఉంటుంది కాబట్టి కొత్త వెర్షన్ పాత ప్యాచ్‌ని ఎలా చదవాలో తెలుసుకుంటుంది. వైటల్ అనే మరో సింథ్ ప్యాచ్ అయితే జేసన్ టెక్స్టే. రెండిటి కోడూ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో బయటే ఉంది. రేపు ఈ రెండూ మూలన పడ్డా మీ ప్యాచ్‌లో ఏముందో చదువుకోగలరు.

ఇక కట్టే పద్ధతి. చెవితో ఊహించి కట్టడం మొదలుపెడితే సాయంత్రాలు గడిచిపోతాయి, కొలిచి కట్టండి.

కటాఫ్: ఫిల్టర్ మీద ఎన్వలప్ ప్రభావం, కీ ట్రాకింగ్ (స్వరాన్ని బట్టి కటాఫ్ మారడం) రెండూ సున్నా చేయండి. రెజొనెన్స్‌ని (కటాఫ్ దగ్గరి ఉబ్బును) ఫిల్టర్ తానే ఈల వేసేదాకా పెంచండి. ఆసిలేటర్లను ఆపి, ట్యూనర్‌లో ఈల శ్రుతి చూడండి, అదే కటాఫ్. నాబ్‌ని 0, 16, 32 అలా 127 దాకా కదిపి తొమ్మిది కొలతలు రాసుకోండి. 16 అంకెలకు ప్రతిసారీ దాదాపు అన్నే మెట్లు పెరుగుతుంటే మధ్యవన్నీ లెక్కతో వచ్చేస్తాయి. ఈల వేయని ఫిల్టర్ అయితే నాయిస్ పంపి స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో శిఖరం చూడాలి. సర్జ్ కటాఫ్‌ని హెర్ట్జ్‌లోనే చూపిస్తుంది కాబట్టి అంకె అలాగే ఎక్కించొచ్చు.

డీట్యూన్ (ఆసిలేటర్లను ఒకదాని శ్రుతి నుంచి మరొకటి కొద్దిగా తప్పించడం): ఒక స్వరం పట్టుకుని రెండు ఆసిలేటర్ల మధ్య బీట్‌లు (ధ్వని పెరిగి తగ్గే ఊపులు) లెక్కపెట్టండి. 440 హెర్ట్జ్ దగ్గర సెకనుకు ఒక బీట్ అంటే సుమారు 3.9 సెంట్లు (సెంటు అంటే మెట్టులో నూరో వంతు). అదే స్వరం ఒక స్థాయి పైన వాయించండి. బీట్‌లు రెట్టింపైతే పాత సింథ్ సెంట్లలో డీట్యూన్ చేస్తోంది, మారకపోతే హెర్ట్జ్‌లో చేస్తోంది. ఈ తేడా పట్టించుకోకపోతే మధ్య స్థాయిలో సరిగ్గా కుదిరిన ప్యాచ్ మంద్రంలో వేరేలా ఊగుతుంది. సర్జ్‌లో యునిసన్ డీట్యూన్‌ని హెర్ట్జ్‌లోకి మార్చే అబ్సల్యూట్ అనే ఎంపిక ఉంది.

ఎన్వలప్: సస్టెయిన్ (స్వరం నిలిచే స్థాయి) సున్నా చేసి, డికే (తగ్గే సమయం) మాత్రమే పెట్టి స్వరాన్ని రికార్డు చేయండి. మీటర్‌ని డెసిబెల్స్‌లో చూడండి. తిన్నగా జారితే అది ఎక్స్‌పొనెన్షియల్ వంపు, మొదట నెమ్మదిగా ఉండి చివర్లో దబ్బున పడితే లీనియర్. ప్లక్ ధ్వనులు "అదే కానీ అది కాదు" అనిపించడానికి చాలాసార్లు కారణం ఈ వంపే, ఫిల్టర్ కాదు. సర్జ్ ఎన్వలప్‌లో అటాక్, డికే, రిలీజ్‌లకు విడివిడిగా వంపు ఎంచుకోవచ్చు.

పోల్చేటప్పుడు ఒక ధ్వనిని తలకిందులు చేసి రెండోదానితో కలిపి సున్నా వస్తుందేమో చూడకండి. ఆసిలేటర్ ఫేజ్ ప్రతి స్వరానికీ వేరే చోట మొదలవుతుంది కాబట్టి అదే సింథ్ కూడా తనతో తాను సరిపోలదు. రెండిటి స్థాయినీ అర డెసిబెల్ లోపు కలిపి, ఒకే మిడి వినిపించి మార్చి మార్చి వినండి. కొంచెం గట్టిగా పలికేది చెవికి ఎప్పుడూ మెరుగ్గానే తోస్తుంది.

రానిది కూడా ఉంది. ఫిల్టర్ లోపలి డిస్టార్షన్, ఎలియాసింగ్ మురికి ఆ ప్యాచ్‌కి ప్రాణమైతే ఎంత కొలిచినా పట్టుబడవు. అలాంటి నాలుగైదు ప్యాచ్‌లను శాంపిల్ చేసుకోండి, మిగతావి కట్టుకోండి.

కట్టేది దేంట్లో?

అనలాగ్ తరహా సింథ్‌కి బదులైతే సర్జ్ ఎక్స్‌టీయే నయం. కోరికల చిట్టాలో ఉన్నవి దాదాపు అన్నీ దీనిలో ఉన్నాయి: పెద్దదయ్యే విండో, అన్‌డూ, ప్యాచ్ వెతుకులాట, ఎంపీఈ (ప్రతి స్వరాన్నీ విడిగా వంచగలగడం), స్కాలా ఫైళ్లతో శ్రుతి మార్పు, స్క్రీన్ రీడర్ సహకారం. వీఎస్‌టీ3, క్లాప్, ఏయూ అనే ప్లగిన్ రూపాల్లో దొరుకుతుంది. సీన్‌కి (ప్యాచ్‌లోని ఒక్కో పొరకి) మూడు ఆసిలేటర్లు, అలాంటివి రెండు సీన్లు. లోటల్లా మొదటి చూపే: తెర నిండా అక్షరాలు, మాడ్యులేషన్ ఎక్కడికి పోతోందో తెలియడానికి వారం పడుతుంది. ఆ విషయంలో వైటల్ ముందుంది, లాగి వదిలితే చాలు, కదలిక కళ్లముందే కనిపిస్తుంది. వేవ్‌టేబుల్ ధ్వనులకు దాన్నే తీసుకోండి.

పాతది యమహా డీఎక్స్7 తరహా ఎఫ్ఎం అయితే చర్చే లేదు, డెక్స్‌డ్ అనే సింథ్‌లో 32 ధ్వనుల సిసెక్స్ (డీఎక్స్7 తన ధ్వనులను దాచే మిడి రూపం) ఫైలు, 4,104 బైట్లది, యథాతథంగా తెరుచుకుంటుంది. జైన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్ అనే మరో సింథ్ ప్యాడ్‌లకు బాగుంటుంది, ఓపిక కావాలి. డబ్బు పెట్టి కొనేవాటిలో మంచివి ఉన్నాయి, ప్యాచ్ ఏ రూపంలో దాస్తాయో చూసి కొనండి.

పని వరసకొస్తే, పూర్తయిన పాటల్లో ఆ సింథ్ ఉన్న ప్రతి ట్రాక్‌నీ మొదటి బార్ నుంచి, ఎఫెక్టులతో ఒకటి, లేకుండా ఒకటి చొప్పున 24 బిట్ వేవ్‌గా బౌన్స్ చేయండి. మిడిని విడిగా ఎక్స్‌పోర్ట్ చేయండి. టెంపోను ఫైలు పేరులోనే రాయండి. ఇన్‌స్టాలర్, సీరియల్ సంఖ్య, బ్యాంకు ఫైళ్లు అదే ఫోల్డర్‌లో ఉంచండి. సగంలో ఉన్న పాటలకు బ్రిడ్జ్ ఉంచుకోవచ్చు, పాట ముగిశాక దాన్నీ బౌన్స్ చేయండి. కట్టాల్సిన ప్యాచ్‌లను ప్రీసెట్ల జాబితా చూసి ఎంచుకోకండి, పాత ప్రాజెక్టులు తెరిచి ఏది ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టండి. వందల్లో పది కూడా తేలవు.