జిరాక్స్ షాపులో సుమత్రా పీడీఎఫ్: వాడి చూసి చెప్తున్నా

అనంతపురంలో జేఎన్‌టీయూకి దగ్గర్లో జిరాక్స్, ప్రింటింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నాది. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఫైళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచే పని ఇది. కొందరు పెన్‌డ్రైవ్ ఇస్తారు, కొందరు వాట్సాప్‌లో పంపిస్తారు. అదే కంప్యూటర్లో జనాల ఆధార్లు, పాన్ కార్డులు, మార్కుల లిస్టులు ఉంటాయి. అందుకే పీడీఎఫ్ రీడర్‌లో ఎన్ని బటన్లున్నాయన్నది నాకు తర్వాతి సంగతి. తెలియని ఫైలు తెరిస్తే ఏమవుతుందన్నదే ముందు చూస్తాను. ఆ లెక్కన సుమత్రా పీడీఎఫ్ అనే రీడర్‌కి ఐదుకు నాలుగు మార్కులు.

పీడీఎఫ్ అంటే కదలని మెదలని కాగితమే అనుకుంటారు చాలామంది. కాదు. దాని లోపల జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం పెట్టొచ్చు, ఇంకో ఫైలు దాచొచ్చు, తెరవగానే ఫలానా కమాండ్ నడపమని కూడా రాయొచ్చు. 2024 మేలో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు, ఫాక్సిట్ రీడర్ అనే ఇంకో పీడీఎఫ్ రీడర్‌లో బయటపెట్టిన లోపం ఇలాంటిదే. కమాండ్ దాచిన ఫైలు తెరిస్తే ఫాక్సిట్ హెచ్చరిక చూపించేది, అది నిజమే. కానీ మొదటి పెట్టెలో ముందుగానే ఎంచి ఉండేది 'ఓకే', రెండో పెట్టెలో 'ఓపెన్'. చదవకుండా రెండుసార్లు ఎంటర్ కొడితే చాలు, ఆ కమాండ్ నడిచి బయటి నుంచి వైరస్ దిగేది. అదే ఫైలు అడోబ్ రీడర్‌లో ఏమీ చేయదు కాబట్టి, అడోబ్‌తో తెరిచి పరీక్షించే చోట్ల అది పట్టుబడేది కాదు.

రికార్డులు సబ్‌మిట్ చేసే రోజు మా షాపుకొచ్చి చూడండి. కౌంటర్ ముందు పిల్లలు గుంపుగా నిలబడి "అక్కా, నాది ముందు, బస్సు పోతుంది" అంటుంటే, తెర మీద వచ్చిన పెట్టెలో ఏం రాసుందో చదివే తీరిక ఎవరికుంటుంది? చేయి దానంతటదే ఎంటర్ మీదికి పోతుంది. హెచ్చరిక చూపిస్తూనే ప్రమాదమున్న జవాబును ముందే ఎంచిపెట్టడం చిన్న పొరపాటని నేననుకోను. అది తయారుచేసిన వాళ్లు జనం ఎలా పని చేస్తారో చూడలేదు.

సుమత్రాలో పీడీఎఫ్ జావాస్క్రిప్ట్ అసలు నడవదు. నాకు నచ్చింది అదే. ఉచితం, ఓపెన్ సోర్స్ (అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు), 2006 నుంచి ఉంది, విండోస్‌కి మాత్రమే. ఇన్‌స్టాల్ చేయకుండా ఒక్క ఫైలుతో నడిపే పోర్టబుల్ వెర్షన్ కూడా దొరుకుతుంది. పాత కంప్యూటర్లో కూడా టక్కున తెరుచుకుంటుంది. అలాగని లోపాలే ఉండవని కాదు. దీని లోపల పని చేసేది మ్యూపీడీఎఫ్ అనే ఇంజిన్, అందులోనూ అప్పుడప్పుడు లోపాలు బయటపడుతుంటాయి, సరిచేస్తుంటారు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వేసుకోవాల్సిందే. "ఇవన్నీ ఎందుకక్కా, బ్రౌజర్లో తెరిస్తే పోలా" అంటారు పిల్లలు. ఫైర్‌ఫాక్స్‌లోని పీడీఎఫ్ వ్యూయర్లో కూడా 2024లోనే లోపం దొరికింది, 126వ వెర్షన్‌లో సరిచేశారు. బ్రౌజర్ అయినా అప్‌డేట్ తప్పదు.

ఇప్పుడు చెప్పబోయేది ఉద్యోగాల కోసం తిరుగుతున్న పిల్లలు జాగ్రత్తగా చదవాలి. 2024 సెప్టెంబరులో గూగుల్‌కు చెందిన మాండియంట్ అనే సైబర్ భద్రతా సంస్థ ఒక మోసం గురించి చెప్పింది. ఉత్తర కొరియాతో సంబంధమున్న ముఠా ఒకటి, పెద్ద కంపెనీల రిక్రూటర్ల వేషంలో మెయిల్లో, వాట్సాప్‌లో పరిచయం చేసుకుని, ఉద్యోగం వివరాలంటూ పాస్‌వర్డ్ ఉన్న జిప్ ఫైలు పంపేది. అందులో ఒక పీడీఎఫ్, దాన్ని తెరవడానికి సుమత్రా రీడర్. ఆ సుమత్రా అసలుది కాదు, పాత వెర్షన్ కోడ్ తీసుకుని మార్చింది. ఆ రీడర్‌తో తెరిస్తే ఉద్యోగం వివరాలు చక్కగా కనిపిస్తాయి, వెనకాల కంప్యూటర్లోకి దొంగదారి తెరుచుకుంటుంది. సుమత్రాలో లోపమేమీ లేదని మాండియంటే స్పష్టంగా రాసింది.

పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉండటం తప్పు కాదు. ఈ-ఆధార్‌కీ ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ ఉంటుంది. పాస్‌వర్డ్ తెలిస్తే వాటిని ఏ రీడర్‌తో అయినా తెరవొచ్చు. "మేం పంపిన రీడర్‌తోనే తెరవాలి" అన్నారంటే మాత్రం అక్కడే ఆపేయండి. సుమత్రా కావాలంటే దాని సొంత సైటు నుంచే దించుకోండి. ఎవరో జిప్‌లో పెట్టి పంపినది, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినది వద్దు. మా షాపులో ఫైలుతో పాటు ఎక్స్‌ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాం ఫైలు, వస్తే, ఎంత బతిమాలినా నేను తెరవను.

ఇక ఇబ్బందుల సంగతి. ఈ-ఆధార్ మీద సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకం ఉంటుంది కదా, దాన్ని వ్యాలిడేట్ చేసి, అంటే సంతకం అసలుదేనా అని సరిచూసి, పచ్చ టిక్ తెప్పించే పని సుమత్రాలో కుదరదు. కొన్ని ప్రభుత్వ ఫారాలు తెరిస్తే 'ప్లీజ్ వెయిట్' అన్న ఒక్క పేజీ తప్ప ఏమీ రాదు. ఈ రెండు పనులకూ అడోబ్ రీడర్ ఉంచుకున్నాను. అందులో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి జావాస్క్రిప్ట్ టిక్ తీసేశాను, ఫారాలకు అవసరమైనప్పుడు మాత్రం పెట్టి, పని కాగానే మళ్లీ తీసేస్తాను. ప్రొటెక్టెడ్ మోడ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. 2010లో రీడర్ టెన్‌తో వచ్చిన ఏర్పాటు అది, ఫైలు ఏం చేయబోయినా మిగతా కంప్యూటర్ జోలికి సులభంగా పోనివ్వదు.

ఒక మార్కు తగ్గించింది మాత్రం ప్రింటింగ్‌కి. "అక్కా, పేజీకి నాలుగు స్లైడ్లు కొట్టియ్యి" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. సుమత్రాలో ఆ ఆప్షన్ లేదు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'పేజెస్ పర్ షీట్' దగ్గర 4 పెట్టుకోవాలి. బొమ్మలు ఎక్కువున్న పెద్ద పుస్తకమైతే ప్రింటర్‌కి చేరడానికి కూడా టైం పడుతుంది, అలాంటివి ఇరవై ఇరవై పేజీలుగా విడగొట్టి పంపిస్తున్నా.