తులూం, కొబా, సెనోటే: ఒక్క రోజు మాయా యాత్రలో ఏది ముందు, ఏది వదిలేయాలి

మెక్సికోలోని కాన్‌కున్ హోటళ్ళలో లాబీ దాటకముందే టూర్లమ్మే బల్ల ఒకటి ఎదురవుతుంది. దాని మీద కరపత్రాల్లో అదే జాబితా: మాయా అనే ప్రాచీన జాతి కట్టిన తులూం శిథిలాలు, కొబా పిరమిడ్, సెనోటే అనే నీటి గొయ్యిలో ఈత, మాయా ఊళ్ళో భోజనం, చివర్లో బీచ్. అన్నీ ఒక్క రోజులోనే. మొదట ఎక్కడ ఆగుతారు, ఎన్నింటికి ఆగుతారు అన్నది కుదిరితే ఇది నిజంగా మంచి రోజు. కుదరకపోతే సగం రోజు బస్సులోనూ, పావు రోజు బస్సు ఆపే వెండి నగల కొట్లోనూ అయిపోతుంది.

దూరాలు చూస్తే సంగతి తెలుస్తుంది. కాన్‌కున్ నుంచి తులూం 307వ నంబరు హైవే మీద దక్షిణంగా సుమారు 130 కిలోమీటర్లు. తులూం నుంచి కొబా అడవి లోపలికి ఇంకో 45. పెద్ద బస్సు టూరైతే ముందు కాన్‌కున్ హోటల్ జోన్ అంతా తిరిగి మనుషుల్ని ఎక్కించుకుంటుంది, తర్వాత దారిలో ఉన్న ప్లాయా దెల్ కార్మెన్ ఊళ్ళో ఆగి భాషల వారీగా బస్సులు మారుస్తుంది. పొద్దున్న ఆరున్నరకి ఎక్కినవాళ్ళు తులూం గేటు దగ్గర పదిన్నరకి దిగడం మామూలే. అందుకే బుక్ చేసేముందు “ఎన్నింటికి ఎక్కించుకుంటారు” అని కాదు, “తులూం గేటుకి ఎన్నింటికి చేరుస్తారు” అని అడగాలి. తొమ్మిది దాటితే ఇంకో టూరు చూసుకోండి.

బస విషయంలోనూ ఇదే లెక్క. కాన్‌కున్ హోటల్ జోన్ పిల్లలతో బీచ్‌కీ, ఈతకొలనుకీ బాగుంటుంది గానీ ఈ యాత్రకి దూరం. ప్లాయా నుంచి తులూం 60 కిలోమీటర్ల పైచిలుకే. రెండు వైపులా తిరగాలంటే అదే సరైన మకాం. తులూంలో ఊరు వేరు, బీచ్ జోన్ వేరు. బీచ్ జోన్‌లో గది అద్దె చాలా ఎక్కువ, ఉన్నది ఒక్కటే సన్నని రోడ్డు, సాయంత్రమైతే టాక్సీ కూడా కదలదు. ఊళ్ళో అందులో కొంత ఖర్చుతో మంచి గది, టాకో బళ్ళు, బస్ స్టాండు, పొద్దున్నే శిథిలాలకి వెళ్ళే వీలు అన్నీ ఉన్నాయి. యాత్ర కోసమే వచ్చినవాళ్ళు ఒక రాత్రి తులూం ఊళ్ళో పడుకుంటే రెండు గంటల బస్సు ప్రయాణం మిగులుతుంది.

ఇక తులూం. మాయా భాషలో ఆ మాటకి గోడ అని అర్థం. సముద్రం వైపు 12 మీటర్ల కొండ అంచు, మిగతా మూడు వైపులా మందపాటి రాతి గోడ, అందులో ఒక మనిషి పట్టేంత ఇరుకు ద్వారాలు 5. 13 నుంచి 15వ శతాబ్దం దాకా ఇది రేవు పట్నం. తేనె, ఉప్పు, కకావో గింజలు, గ్వాటెమాలా కొండల నల్లగాజు రాయి పడవల మీద వచ్చిపోయేవి. 1518లో స్పెయిన్ నుంచి వచ్చిన గ్రిహాల్వా నౌకలు ఈ తీరం వెంట వెళ్ళినప్పుడు ఓడలో ఉన్న పాదిరి ఇక్కడి పట్నాన్ని స్పెయిన్‌లోని సెవిల్‌తో పోల్చాడు.

లోపలికి అడుగుపెట్టగానే అందరూ పెద్ద కట్టడం ఎల్ కాస్తీయో వైపు ఫోన్లు ఎత్తుకుని పరిగెడతారు. దాని పక్కనున్న చిన్న గుడి దగ్గర ఆగండి. తలుపు పైన గూట్లో గారతో చేసిన దేవుడున్నాడు: కాళ్ళు పైకి, తల కిందికి, ఆకాశం నుంచి దూకుతున్నట్టు. గుడి గోడలూ గుమ్మమూ కూడా నిట్టనిలువుగా ఉండవు, పైకి పోయేకొద్దీ వాలి ఉంటాయి. కుంగిపోయి అలా అయింది కాదు, అలాగే కట్టారు. ఆ తలకిందుల దేవుణ్ణి తేనెటీగల దేవుడని కొందరు, శుక్రగ్రహమని కొందరు చెబుతారు. రెండు మాటలూ చెప్పే గైడు మంచి గైడు. ఎల్ కాస్తీయో ఎదురుగా సముద్రంలో పగడపు దిబ్బకి ఒక సందు ఉంది. రాత్రిళ్ళు మేడ కిటికీల్లో దీపాలు పెట్టి పడవలకి ఆ సందు చూపేవారని ఇక్కడి గైడ్లు వివరిస్తారు. కొండ అంచున నిలబడి నీటి రంగు ఎక్కడ మారుతోందో చూస్తూ వింటే ఆ మాట బాగా ఎక్కుతుంది.

కట్టడాలు ఎక్కనివ్వరు, లోపలికీ పోనివ్వరు. తాడు బయటి నుంచే చూడాలి. నీడ దాదాపు లేదు. గేట్లు ఎనిమిదికి తెరుస్తారు. పదిన్నరకల్లా తెల్ల రాయి మీద ఎండ ముఖానికి కొడుతుంది, ఇరుకు ద్వారాల దగ్గర బస్సుల జనం నిలిచిపోతారు. ఇప్పుడు దారి హగ్వార్ (జాగ్వార్) పార్కులోంచి కాబట్టి పురావస్తు శాఖ టికెట్ ఒక్కటే చాలదు, పార్కు రుసుమూ, రక్షిత ప్రాంతం రుసుమూ విడిగా ఉంటాయి. చౌక టూర్ల కరపత్రంలో ఇవి కలపరు, బస్సు ఎక్కాక పెసోల్లో వసూలు చేస్తారు. “ప్రవేశ రుసుములన్నీ కలిపేనా” అని రాతలో అడిగి పెట్టుకోండి. ఆదివారం మెక్సికో వాళ్ళకి శిథిలాల ప్రవేశం ఉచితం, జనం రెట్టింపవుతారు. మనం ఆ రోజు మానుకోవడం మంచిది.

కొబా పూర్తిగా వేరు. ఇక్కడ సముద్రం లేదు, రెండు సరస్సులూ అడవీ ఉన్నాయి. తులూం కంటే ఎన్నో వందల ఏళ్ళు ముందే వెలిగిన నగరం. 7వ శతాబ్దంలో కవీల్ అజావ్ అనే రాణి దీన్ని ఏలింది. చూడాల్సింది పిరమిడ్ ఒక్కటే కాదు, కాళ్ళ కింది బాట. వీటిని సక్‌బే అంటారు, అంటే తెల్ల బాట: అంచులకి రాళ్ళు పేర్చి, మధ్యలో రాళ్ళు నింపి, పైన తెల్ల సున్నపు మట్టి దిమ్మిస చేసిన ఎత్తైన రోడ్డు. కొబా నుంచి ఇలాంటివి సుమారు 50 బయల్దేరతాయి. ఒకటి యషునా అనే మరో మాయా నగరం దాకా 100 కిలోమీటర్లు అడవిని కోసుకుంటూ పోతుంది. బండి చక్రమూ, బండి లాగే జంతువూ లేని కాలంలో వేసిన రోడ్డు అది! చాలామంది దాని మీదే నడుస్తూ, అది మామూలు కాలిబాట అనుకుని పిరమిడ్ కోసం వెతుక్కుంటారు.

నొహోచ్ ముల్ పిరమిడ్ ఎత్తు 42 మీటర్లు. గేటు నుంచి 2 కిలోమీటర్ల దూరం. నడవొచ్చు, సైకిల్ అద్దెకి తీసుకోవచ్చు, లేదా ముందు సీటున్న మూడు చక్రాల సైకిల్ రిక్షా మాట్లాడుకోవచ్చు. పెద్దవాళ్ళుంటే రిక్షాయే నయం. సైకిల్ తీసుకునేటప్పుడు బ్రేకు నొక్కి చూసుకోండి, వేళ్ళు తేలిన బాటలున్నాయి. పిరమిడ్ ఎక్కడం 2020లో ఆపేశారు, ఈ నియమం మారవచ్చు. ఎక్కిస్తామని కరపత్రంలో ఉన్నా, వెళ్ళే వారంలో ఇంకోసారి అడగండి. శిలాఫలకాల మీది అక్షరాలు వానకి అరిగిపోయాయి, గైడు లేకపోతే అవి ఉత్త రాళ్ళే. అందుకే గైడు ఖర్చు తులూంలో కంటే కొబాలోనే ఎక్కువ గిట్టుతుంది. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు మెడలో ఉన్నవాళ్ళనే మాట్లాడుకోండి. 1847లో మొదలైన మాయా తిరుగుబాటు గురించి అడిగి చూడండి. మాయా జాతి అంతరించిపోయిందని చెప్పే గైడు ఎక్కువ చదవలేదన్నట్టే. యుకతాన్ మాయా భాష మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు, మీ రిక్షా తొక్కే మనిషి కూడా బహుశా అందులో ఒకరు. దిగేటప్పుడు “దియోస్ బోతిక్” అని కృతజ్ఞత చెబితే ఆయన ముఖమే వేరుగా ఉంటుంది.

సెనోటే ఎప్పుడూ చివరే ఉండాలి. ఈ నేలంతా సున్నపురాయి కాబట్టి నదులు పైన పారవు, కింద పారతాయి. గుహ కప్పు కూలిన చోట బయటపడే నీటి గొయ్యే సెనోటే. నీరు ఏడాది పొడుగునా 24, 25 డిగ్రీలు ఉంటుంది. ఎండలో తిరిగి వచ్చాక దిగితే ప్రాణం లేచొస్తుంది, పొద్దున్నే దిగితే వణుకు. కొబా దగ్గర ఊరివాళ్ళే నడిపేవి మూడున్నాయి. ఈత రానివాళ్ళకి చో-హా నయం, లోతు తక్కువ, పైనుంచి సున్నపు ఊడలు వేలాడతాయి. తంకచ్-హా లోతైనది, దూకడానికి అరుగులున్నాయి. ముల్తుం-హా బాగా కింద ఉంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఆ మెట్లు వద్దు.

సన్‌స్క్రీన్, దోమల మందు పూసుకుని నీళ్ళలో దిగకూడదు. ఊళ్ళు తాగే నీరు అదే. షవర్ కింద కడుక్కున్నాకే పంపుతారు. పొద్దున పూసుకున్న జిడ్డు ఒక నిమిషంలో పోదు కాబట్టి పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుని, సన్‌స్క్రీన్ ముఖానికే పరిమితం చేయడం తెలివైన పని. మెట్లు నాచుతో జారతాయి. రబ్బరు అడుగున్న చెప్పులు తెచ్చుకోండి.

భోజనం దగ్గర శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. “సిన్ కార్నే” అంటే మాంసం ముక్కలు వేయరు, అంతే. నల్ల చిక్కుళ్ళ ముద్దలో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం ఉండొచ్చు. “సిన్ మంతేకా, సిన్ కాల్దో దే పోయో” అని కలిపి చెప్పాలి. అడిగి తినాల్సింది సికిల్ పక్: వేయించిన గుమ్మడి గింజలు, కాల్చిన టమాటా, హబనేరో మిరపకాయ, కొత్తిమీర కలిపి నూరిన పచ్చడి. మన రోటి పచ్చడికి దగ్గర చుట్టం. హబనేరో మన గుంటూరు కారం కంటే చాలా ఘాటు, చెంచా అంచుతో మొదలుపెట్టండి. ఎర్రగా పుల్లగా ఇచ్చే హమైకా నీళ్ళు గోంగూర జాతి మొక్క పూల రక్షకపత్రాలతో కాచినవే. భోజనానికి ముందు కొన్ని చోట్ల కోపాల్ అనే చెట్టు జిగురు పొగ వేసి దీవెన చేయిస్తారు. వాసన సాంబ్రాణిని గుర్తు చేస్తుంది. పూజారి నిజంగా ఆ ఊరి మనిషైతే నిలబడి చూడదగ్గదే.

బీచ్ సంగతి కాలాన్ని బట్టి. వేసవి నెలల్లో సర్గస్సం అనే గోధుమరంగు నాచు ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్ళి, గుడ్డు వాసన వేస్తుంది. ఆ రోజుల్లో బీచ్ ఉన్న టూరు కంటే సెనోటేకి ఇంకో గంట ఇచ్చే టూరు మేలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఆ బెంగ చాలావరకు ఉండదు.

చిచెన్ ఇట్సా అనే ఇంకో మాయా శిథిల నగరాన్ని ఇదే రోజులో కలిపే టూర్లూ అమ్ముతారు. వద్దు. అది యుకతాన్ రాష్ట్రంలో ఉంది, కాన్‌కున్ కంటే గడియారం ఒక గంట వెనక, అదీ 200 కిలోమీటర్ల దూరంలో. 4 వైపులా 91 మెట్లు, పైన ఇంకొకటి కలిపి 365 అయ్యే అక్కడి పిరమిడ్‌కి తనదైన రోజు ఇవ్వాలి. ముందు రాత్రి దానికి దగ్గర్లోని వయ్యదోలిద్ ఊళ్ళో పడుకుని ఎనిమిదికి గేటు దగ్గరుంటే, తీరం నుంచి బస్సులు వచ్చేలోపే చూసేయొచ్చు.

అమెరికా నుంచి వెళ్ళే మనవాళ్ళకి ఒక మాట. భారత పాస్‌పోర్టు మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా స్టాంపు ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. అమెరికా ఇమిగ్రేషన్ ఆమోదం తెలిపే ఐ-797 కాగితం మాత్రం స్టాంపుకి బదులు పనిచేయదు. స్టాంపు గడువు అయిపోయిందా, విమానం టికెట్ కొనకముందే మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోండి.

కారు అద్దెకి తీసుకుని సొంతంగా తిరిగేవాళ్ళు స్థానిక థర్డ్ పార్టీ బీమా కలిపిన ధరే పోల్చి చూడాలి, అమెరికా బీమా ఇక్కడ చెల్లదు. కొబా రోడ్డు మీద ప్రతి ఊరి మొదట్లోనూ ‘తోపే’లు, అంటే పెద్ద స్పీడ్ బ్రేకర్లు. కొన్నిటికి రంగు కూడా ఉండదు. చీకటి పడకముందే హైవే ఎక్కేలా సెనోటే నుంచి నాలుగున్నరకి బయటపడండి.